వంటయింటి కత్తికి తగిన చోటు

వంటయింటిలో ప్రతిదినమును చేతబట్టు వస్తువులలో కత్తి ముఖ్యమైనది. కూరలు తఱుగుటకును, పండ్లు కోయుటకును, చేపలు శుభ్రము చేయుటకును అది లేక జరుగదు. ఎట్టి కత్తి కొనవలెనో, దాని కెట్లు పదును పెట్టింపవలెనో పలువురు చెప్పుదురు గాని, పని ముగిసిన పిమ్మట దాని నెచ్చట నుంచవలెనో ఆలోచించువారు తక్కువ. అయినను దినములో కత్తి మన చేతిలో నుండు కాలము మిక్కిలి స్వల్పము. తక్కిన కాలమంతయు అది ఎచ్చటనో యొకచోట పడియుండును. ఆ చోటు తగినది కానిచో కత్తి పదును కోల్పోవును, త్రుప్పు పట్టును, లేక ఎవరి చేతినైనను కోయును. కావున మన పాఠశాల విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునట్లు ఈ విషయమును గూర్చి కొంత వ్రాయ దలచితిమి.

“మీ యింట కత్తి యెచ్చట నుండును?” అని మేము తరగతిలో నడుగగా పిల్లలు పలువిధములుగా జవాబు చెప్పిరి. ఒకరి యింట అది గరిటెలతోపాటు డబ్బాలో మొన పైకి నిలిచియుండును. ఒకరి యింట కిటికీ ఊచల సందున దోపబడియుండును. మఱియొకరి యింట ఫ్రిజ్జు మీదను, వేఱొకరి యింట తోమిన గిన్నెల బుట్టలోను ఉండును. “ఎవరు ఎచ్చట పెట్టిన అచ్చటనే” యని యొక బాలుడు చెప్పగా అందఱును నవ్విరి. కాని ఆ బాలుడు చెప్పిన మాట పెక్కు గృహములకు వర్తించును.

కత్తిని దినదినము వాడు తల్లికి అది యెచ్చట నున్నదో, మొన యెటు తిరిగియున్నదో చీకటిలో నయినను తెలియును. ఆమె చేయి దాని నెఱుగును. మనము భయపడవలసినది ఎఱుగని చేతిని గూర్చి. చెంచా కొఱకు డబ్బాలో చేయి పెట్టిన పసివానిది ఎఱుగని చేయి. చూపు మందగించిన నాయనమ్మది ఎఱుగని చేయి. నురుగు నీటిలో మునిగియున్న గిన్నెలను తోము పనిమనిషిది, కరెంటు పోయిన రాత్రి అగ్గిపెట్టె కొఱకు తడుముకొను చుట్టముది కూడ అట్టిదే. కత్తికి చోటు ఏర్పఱచునపుడు వాడువారి సౌకర్యమునకు ముందు ఈ యెఱుగని చేతిని తలచుకొనవలెనని మా యభిప్రాయము. చేయి చాచినవారికి మొదట పిడి కనబడవలెను. అలుగు, అనగా కోయు భాగము, దాగియుండవలెను.

పూర్వపు ఇండ్లలో

మన కృష్ణా మండలమున చాలకాలము వంటయింటికి ముఖ్యమైన ఆయుధము చేతికత్తి గాదు, కత్తిపీట. చెక్కపీటకు వంపుగల యినుప అలుగు బిగించి, పెక్కింటికి కొనయందు కొబ్బరికోరు కూడ చేర్చుదురు. పీటను కాలితో అదిమిపట్టి, కాయను రెండు చేతులతో పట్టుకొని అలుగునకు ఒత్తినచో అది తెగును. ఇచ్చట కత్తి కదలదు, కాయయే కదలును. పని సులువే గాని, పని ముగిసిన పిమ్మట ఆ అలుగు నేలమీద నిలువుగా నిలిచియుండును. ప్రాకెడు బిడ్డకు అది సరిగా ముఖమునకు ఎదురుగా నుండును. అందుచేతనే పెద్దలు పని కాగానే కత్తిపీటను ప్రక్కకు వాల్చి, అలుగును గోడవైపునకు త్రిప్పి, మూలను చేర్చుమని చెప్పుదురు. దానిని దాటి పోరాదని పిల్లలను మందలింతురు. కొందఱు అది అశుభమని కారణము చెప్పుదురు. కారణ మేదైనను ఆచారము మాత్రము మంచిది.

ఇప్పుడు అంగళ్లలో మడత కత్తిపీటలు దొరకుచున్నవి. మడచినపుడు అలుగు పీటమీదికి వాలిపోవును గనుక దాచుట సులువు. కాని కొనునపుడు మడత బిగువుగా నున్నదో లేదో చూడవలెను. వదులైనచో తఱుగుచుండగనే అలుగు ముడుచుకొని వ్రేళ్లను కోయవచ్చును.

తాటాకు ఇండ్లలోను, గడ్డి ఇండ్లలోను కొడవలిని, పెద్దకత్తిని చూరులో దోపెడివారు. ఎత్తున నుండుటచే అది బిడ్డల కందదు. గాలి తగులుటచే తడి ఆరిపోవును. అలుగు కప్పులో దాగియుండి పిడి మాత్రమే వెలుపలికి కనబడును. దోషమేమనగా, సరిగా దోపనిచో జారి క్రింద నున్నవారి మీద పడును. ఈ పాత పద్ధతిలో మూడు సూత్రములు ఇమిడియున్నవి: బిడ్డల కందకుండుట, తడి ఆరుట, అలుగు దాగుట. ఇప్పటి క్రొత్త పద్ధతులను గూడ ఈ మూటితోనే కొలిచి చూడవచ్చును.

తడియు, త్రుప్పును

ఇనుమునకు త్రుప్పు పట్టుటకు గాలిలోని ప్రాణవాయువును, నీరును రెండును కావలెను. దీనిని మన ప్రయోగశాలలో సులభముగా చూపవచ్చును. మూడు గాజు గొట్టములలో శుభ్రమైన యినుపమేకులు వేయవలెను. మొదటి దానిలో మేకులు సగము మునుగునట్లు మామూలు నీరు పోయవలెను. రెండవ దానిలో బాగుగా కాచిన నీరు నిండుగా పోసి, పైన నూనె పోసి గాలి చొరకుండ చేయవలెను. మూడవ దానిలో నీరు పోయక, తేమను పీల్చు క్యాల్షియము క్లోరైడు వేసి బిరడా బిగింపవలెను. కొన్ని దినములకు మొదటి గొట్టములోని మేకులకే త్రుప్పు పట్టును. రెండవ దానిలో గాలి లేదు. మూడవ దానిలో తేమ లేదు.

వంటయింటిలో ఈ రెండును ఎల్లప్పుడు ఉండును. అందును మనది కాలువల దేశము. జూను మొదలు నైరుతి ఋతుపవనము, అక్టోబరు మొదలు ఈశాన్య ఋతుపవనము వానలు తెచ్చును. అన్నము, పులుసు ఉడుకు ఆవిరి గోడలను తడుపును. ఉప్పు త్రుప్పును త్వరపెట్టును. నిమ్మకాయ, చింతపండు, మామిడికాయ మొదలగు వాని పులుపు ఇనుమును తినివేయును.

ఆవకాయ కత్తిని తలచుకొనుడు. వేసవిలో జలాలు, కొత్తపల్లి కొబ్బరి మొదలగు కాయలను టెంకతో సహా ముక్కలు కొట్టుటకు బరువైన కత్తి కావలెను. దానికి పని సంవత్సరములో కొన్ని దినములే. పదునొకండు నెలలు అది దాగియుండును. కాయలు కొట్టినవెంటనే మామిడి జీడి పోవునట్లు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొంతసేపు ఆరనిచ్చి, పలుచగా కొబ్బరినూనె రాసి, మైనపు కాగితము చుట్టి, అటుపిమ్మట అటక మీద నుంచవలెను. కొన్ని నూనెలు గాలికి త్వరలో జిగురు కట్టును గాని కొబ్బరినూనె అంత త్వరగా కట్టదు. తడికత్తిని గోనెసంచిలో చుట్టి దాచినచో మరుసటి సంవత్సరము సంచిలో త్రుప్పే కనబడును.

ఉక్కును గూర్చి తెలుగువారు గర్వింపదగిన చరిత్ర కలదు. నిజామాబాదు మండలములోని కోనసముద్రము పూర్వము మేలైన ఉక్కునకు పేరు పొందిన గ్రామము. పాశ్చాత్యులు ఊట్జ్ అని పిలిచిన ఆ ఉక్కులో బొగ్గుపాలు, అనగా కార్బను, ఎక్కువ. అందువలన దానితో చేసిన కత్తులకు వాడియైన పదును నిలుచును. కాని కార్బను మాత్రమే కలిసిన ఉక్కునకు త్రుప్పు తప్పదు. 1913 సంవత్సరమున ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ అను లోహశాస్త్రజ్ఞుడు తుపాకి గొట్టములు త్వరగా అరగకుండ చేయు ఉక్కును వెదకుచు, నూటికి సుమారు 13 పాళ్లు క్రోమియము కలిసిన ఉక్కును పోతపోసెను. అది మరకలు పట్టకుండుట గమనించి, కత్తులకు పనికివచ్చునని ఆయన తలచెను. నేడు మన యింటింట నున్న స్టెయిన్‌లెస్ స్టీలు కత్తులు ఆ కుదురులోనివే. క్రోమియము గాలితో కలిసి కంటికి కనబడని పలుచని పొరయై లోహమును కాపాడును. అయినను ఉప్పునీటిలో రాత్రియంతయు పడియున్నచో ఆ పొరయు చెడి చిన్న గుంటలు పడును. కావున స్టీలు కత్తి యని తొట్టిలో వదలిపెట్టరాదు. మురికి నీటిలో మునిగిన కత్తి గిన్నెలు తోమువారికి కనబడదు గనుక ఇది మఱింత ముఖ్యము.

ఇప్పటి పద్ధతులు

మొదటిది సొరుగు. “ఒక ఒఱలో రెండు కత్తులు ఇమడవు” అను సామెతను మనము ఇద్దఱు అధికారుల విషయమై వాడుదుము. కాని వంటయింటి సొరుగు విషయమున అది అక్షరాల నిజము. చెంచాలు, గరిటెలు, కత్తులు కలగలిపి వేసినచో సొరుగు లాగినపుడెల్ల అలుగులు ఒకదాని నొకటి రాచుకొని పదును పోవును. మొద్దుబారిన కత్తికి ఎక్కువ బలము పెట్టవలసివచ్చును. బలము పెట్టిన చేయి జాఱును. సొరుగే తగిన చోటైనచో కత్తుల కొక వేఱు అర కావలెను. పిడు లన్నియు ఒకేవైపు నుండవలెను. ప్రతి అలుగునకు ఒఱ తొడుగవలెను. దీనికి డబ్బు అక్కఱలేదు. దళసరి అట్టను అలుగు పొడవునకు కొంచెము మించునట్లు కత్తిరించి, రెండుగా మడచి, తెఱచియున్న అంచును దట్టముగా కుట్టినచో ఒఱ సిద్ధమగును. ఆరిన కత్తినే అందులో దూర్పవలెను. అట్ట తడిసినచో పారవేసి వేఱొకటి చేసికొనవలెను.

రెండవది గరిటెల డబ్బా. ఇది అన్నిటికంటె చెడ్డది. మొన పైకుండినచో చేతికి గ్రుచ్చుకొనును. మొన క్రిందికుండినచో అడుగునకు తగిలి విఱుగును. గరిటెను లాగినపుడు కత్తియు దానితో లేచి మీద పడవచ్చును.

మూడవది చీలికలు గల చెక్కదిమ్మ. అలుగు పూర్తిగా దాగి పిడి మాత్రమే కనబడును గనుక ఎఱుగని చేతికి ఇది మేలు. కాని చీలికల లోపల తడి చేరినచో బూజు పట్టును. మన దేశమున బొద్దింకలకు అట్టి సందులు ప్రీతి. లోపల కడుగుట కష్టము. దిమ్మను కొన్నవారు కత్తిని ఆరబెట్టియే పెట్టవలెను. పదునైన అంచు చెక్కకు రాయకుండ మొద్దువైపు క్రిందుగా నుంచి దూర్పవలెను. అప్పుడప్పుడు దిమ్మను బోర్లించి దులిపి ఎండబెట్టవలెను. గట్టు మీద అంచున గాక గోడ దగ్గఱకు జరిపి యుంచవలెను.

నాలుగవది గోడకు బిగించు అయస్కాంతపు పట్టీ. 1980ల నడుమ నియోడిమియము అను లోహముతో చేసిన బలమైన అయస్కాంతములు వెలువడిన పిమ్మట చిన్న పట్టీయే పెద్దకత్తిని పట్టగలుగుచున్నది. గాలికి తడి త్వరగా ఆరును. ఏ కత్తి యెచ్చట నున్నదో ఒక్క చూపున తెలియును. కాని అలుగు దాగదు. కావున దానిని బిడ్డల కందని ఎత్తున, పొయ్యికిని తలుపునకును దూరముగా, గోడలోనికి మరచీలతో గట్టిగా బిగింపవలెను. ఆవిరి తగులు గోడకు జిగురుతో అంటించిన పట్టీని నమ్మరాదు. కత్తిని తగిలించునపుడు మొదట మొద్దువైపు తాకించి, పిమ్మట అలుగును మెల్లగా వాల్చవలెను. తీయునపుడు పదునైన అంచు మొదట విడువవలెను. పింగాణి కత్తులు అయస్కాంతమునకు అంటవు. స్టీలులో కూడ కొన్ని రకములు అంటవు గనుక ముందుగా పరీక్షించి చూడవలెను.

ఎట్లు ఎంచుకొనవలెను?

అందఱికిని ఒకే పద్ధతి తగదు. మూడు ప్రశ్నలు వేసికొన్నచో ఎవరి యింటికి తగినది వారికే తెలియును. ఇంటిలో అన్నిటికంటె ఎఱుగని చేయి ఎవరిది? కత్తి యినుపదా, స్టీలుదా? దినమును వాడు కత్తులు ఎన్ని?

మూడవ ప్రశ్నను మొదట తీసికొందము. పెక్కు ఇండ్లకు ఒక కత్తిపీట, ఒక చేతికత్తి, ఒక చిన్న చాకు చాలును. బహుమానముగా వచ్చినవియు, మొద్దుబారినవియు ఒఱలు తొడిగి అటక మీద పెట్టినచో కాపాడవలసినవి మూడే మిగులును. మూటికి చోటు దొరకని యిల్లు లేదు.

రెండవ ప్రశ్న సులువైనది. ఇనుప కత్తియైనచో గాలి తగులు చోటును, స్టీలుదైనచో మూతగల చోటును ఎంచుకొనవచ్చును. కాని రెంటిని తుడిచియే పెట్టవలెను.

మొదటి ప్రశ్నయే కఠినమైనది. ఏలయన ఒకరికి మేలైనది వేఱొకరికి కీడు కావచ్చును. పసిపిల్లలున్న యింట కత్తి ఎత్తున నుండవలెను, లేదా గడియ గల అరలో నుండవలెను. ఎత్తు మాత్రమే చాలదు. పిల్లలు ముక్కాలిపీట యెక్కుట నేర్తురు. కాని గన్నవరము చుట్టుపట్ల గ్రామములలో కొడుకులు, కోడండ్రు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండగా వృద్ధ దంపతులు మాత్రమే కాపురముండు ఇండ్లు పెక్కు కలవు. వారు కత్తి కొఱకు ప్రతిదినము పీట యెక్కినచో కత్తికంటె పీటయే వారికి ప్రమాదకరము. అట్టివారికి నడుము ఎత్తున, వెలుతురు పడుచోట, ఒఱలు గల సొరుగే మేలు. అయితే వేసవి సెలవులకు మనుమలు వచ్చుదురు. ఆ నడుము ఎత్తు సొరుగు పసివానికి కంటి యెత్తు. కావున మనుమలు వచ్చుటకు ముందుదినముననే కత్తులు పై అలమారలోనికి మారవలెను. వారున్నన్నినాళ్లు కత్తిని దింపి యిచ్చు పని ఇంటిలోని పడుచువారిది కావలెను. చోటు ఒకమారు ఏర్పఱచి మఱచునది గాదు. ఇంటిలోని మనుష్యులు మారినపుడు అదియు మారవలెను.

ఒంటిగది అద్దె యిండ్లలో అలమార లుండవు. అట్టివారు అటక క్రింద ఒక చిన్న చెక్కపలకను బిగించి, దానికి దళసరి గుడ్డతోనో తోలుతోనో ఒఱలు మేకులతో కొట్టి, కత్తులను మొన క్రిందికి దూర్పవచ్చును. చూరులో దోపు పాత పద్ధతికి ఇది క్రొత్త రూపము.

మన గన్నవరము విమానాశ్రయములో ఈ నీతినే చట్టముగా చూడవచ్చును. కత్తిని చేతిసంచిలో విమానములోనికి తీసికొని పోనీయరు. అప్పగించు పెట్టెలో నుంచవలెను. అమెరికా దేశపు నియమము ప్రకారము అట్టి పెట్టెలోని కత్తికి కూడ ఒఱ యుండవలెను, లేదా దానిని బాగుగా చుట్టవలెను. పెట్టె తెఱచి చూచు ఉద్యోగి చేయి తెగకుండుటకే ఈ నియమము. కూతురికి కత్తిపీట పంపు తల్లి, తాను ఎన్నడును చూడబోని మనుష్యుని చేతిని తలచుకొని దానిని చుట్టవలసియున్నది.

2024 సంవత్సరము సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో పెక్కు ఇండ్లు మునిగినవి. అట్టి వఱద తీసిన పిమ్మట వంటయింటి బురదను చేతులతో ఎత్తవలసివచ్చును. కత్తి ఒఱలో నుండి, దాని చోటు అందఱికిని తెలిసియున్నచో ఆ బురదలో చేయి పెట్టుటకు అంత భయముండదు.

గాయమైనచో

ఎంత జాగ్రత్తపడినను గాయములు తగులవచ్చును. తెగిన వ్రేలిని శుభ్రమైన పాఱు నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో ఒత్తిపట్టి, చేతిని పైకెత్తి యుంచవలెను. 10 నిమిషముల వఱకు గుడ్డను తీసి చూడరాదు. పసుపు, కాఫీపొడి మొదలగునవి అద్దరాదు. అవి మురికిని చేర్చుటయే గాక గాయపు లోతును వైద్యునికి కనబడనీయవు. రక్తము ఆగనిచో, గాయము లోతైనచో, వ్రేలు వంగనిచో, స్పర్శ తెలియనిచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. త్రుప్పే ధనుర్వాతమునకు కారణమని పలువురు తలతురు. అది సరి కాదు. ధనుర్వాతపు సూక్ష్మజీవి మట్టిలోను, పేడలోను ఉండును. 1889 సంవత్సరమున జపాను వైద్యుడు కితసాతో దానిని వేఱుపఱచి పెంచెను. తళతళలాడు కత్తియైనను మట్టి యంటినచో ప్రమాదమే. మన దేశపు టీకాల పట్టిక ప్రకారము 10 సంవత్సరముల వయస్సునను, 16 సంవత్సరముల వయస్సునను ఈ వ్యాధికి టీకా వేయుదురు. మన ఉన్నత పాఠశాల విద్యార్థులు సరిగా ఆ వయస్సువారే గనుక తమకు వేసినదో లేదో తల్లిదండ్రుల నడిగి తెలిసికొనవలెను.

చేయి జాఱి పడు కత్తిని పట్టుకొన యత్నింపరాదు. వెనుకకు అడుగువేసి పడనీయవలెను. ఒకరికి కత్తి నిచ్చునపుడు చేతి కందీయక క్రింద పెట్టి తీసికొమ్మనుట కొన్ని యిండ్ల ఆచారము. దానిని మఱువకుడు.

సెలవులలో చేయదగిన పని

విద్యార్థులారా, ఈ సెలవులలో మీ తల్లిగారి అనుమతితో, ఆమె యెదుటనే ఈ పని చేయుడు. ఇంటిలోని కత్తు లన్నిటిని ఆమెచేత తీయించి బల్లమీద వరుసగా పెట్టించుడు. ఇనుపవి యెన్నో, స్టీలువి యెన్నో వ్రాసికొనుడు. ఒక్కొక్క దానికి అట్టతో ఒఱ కుట్టి, దానిపై కత్తి పేరు వ్రాయుడు. పిమ్మట మీ యింటిలో అందఱికంటె చిన్నవాని ప్రక్కన మోకరించి, వాని కన్నుల ఎత్తునుండి వంటయింటిని ఒకమారు చూడుడు. నిలుచున్నపుడు మీకు కనబడని మొనలు అచ్చటినుండి కనబడును. వానికి తగిన చోటు వెదకి, పాఠశాల తెఱచిన దినమున పటము గీసి తెచ్చి మాకు చూపుడు.